మిడతవేషము

మార్గశిరమాసమున కృష్ణాతీరభూములయందు వరికోతలు ముగిసి కుప్పలు వేయుచుండు దినములలో సూర్యోదయమునకు మున్ను కాలువగట్టుపై నడచువారికి భూమియు నాకాశమును వేఱువేఱుగా గోచరింపవు. మంచు మీగడవలె నీటిపై పేరుకొని తుమ్మచెట్ల మొదళ్ళను కప్పివైచి కొమ్మలను మాత్రము నిరాధారముగా గాలిలో నిలిపియుంచును. కోసిన మళ్ళలో మిగిలిన దుబ్బుల నడుమ కొంగలు ఒంటికాలిపై నిలిచి యేదో మఱచిపోయినవారివలె ఆలోచించుచుండును. క్రొత్తధాన్యపు వాసనయు తడిసిన గడ్డివాసనయు దూరమున నెవరో కాచుకొను చలిమంటపొగయు కలసి నాసికకు సోకునప్పుడు ఎంతటి కఠినచిత్తుడైనను క్షణకాలము మంచివాడగును. ఆ క్షణము గడచిన పిమ్మటి సంగతి వేఱు.

అట్టి యొక ప్రభాతమున కోటలంక పట్టణమునుండి వెడలిన సైకిలొకటి గట్టుమీదుగా లాకులవైపు వచ్చుచుండెను. దానిపై కూర్చున్న పురుషుడు నడుము మొదలు చీలమండలవఱకు గళ్ళలుంగీయు భుజములపై దళసరి శాలువయు ధరించి ఏదో నేరము చేసి పాఱిపోవువానివలె వంగి తొక్కుచుండెను. లాకులకడ నాతడు దిగి నలుదిక్కులు పరికించి మనుష్యమాత్రుడు లేడని రూఢిచేసికొని లుంగీని శాలువను విప్పి చక్కగా మడతపెట్టి లాకుల గోడలోని గూటియందు దాచెను. అప్పుడు బయల్పడిన యాకారమును వర్ణించుట యెట్టివానికిని కొంచెము కష్టమే. లేతపైరువన్నె చొక్కా చర్మముతో పోటీపడునట్లు మేనికంటుకొనియుండెను. నల్లని సాగుబట్ట లాగు తొడలను మోకాళ్ళవఱకు బిగియపట్టి నిగనిగలాడుచుండెను. తలపై రంధ్రములు గల కోలనైన శిరస్త్రాణమును కన్నులకు పెద్ద పెద్ద నల్లద్దములును వీపున చిన్నసంచియు ఉండెను. ఏబదియేండ్లు దాటిన యుదరము తన యునికిని దాచుకొను నుపాయము లేక ఆ పచ్చనిచొక్కాలో నిండుగా గుండ్రముగా ప్రకాశించుచుండెను.

ఈతడే ఓరుగంటి విశ్వపతి. కోటలంక గ్రంథాలయమునకు అధికారి. మృదుభాషి. ఎవరైనను పుస్తకమును అట్టచింపి తెచ్చినను కోపగింపక అతికించి బల్లపై పెట్టువాడు. ఇట్టి సాధుపురుషునకు ఈ వేషమేల ఈ దాపరికమేల యని చదువరులు ప్రశ్నింపవచ్చును గావున ఆ కథ కొంత చెప్పవలసియున్నది.

విశ్వపతికి చిరకాలముగా మధుమేహము కలదు. క్రిందటియేడు కుడిపాదపు బొటనవ్రేలికి చెప్పు ఒరిసి యేర్పడిన చిన్నపుండు మానక మానక నెలలతరబడి బాధించెను. వైద్యురాలు ఆ కాలిని తన యొడిలోనికి తీసికొని చూచి దయతోడనే కఠినముగా మాటలాడెను.

“ఈ కాలితో ఎక్కువ నడవకండి మాస్టారూ. సైకిలు తొక్కండి. ఊరికే కూర్చుంటే మాత్రం షుగరు దిగదు. దిగకపోతే ఈ వేలు తియ్యాల్సి వస్తుంది.”

ఆతడు సైకిలు కొనెను. మొదట పంచెతో తొక్కగా పంచె గొలుసులో పడెను. ప్యాంటుతో తొక్కగా కుట్లు తొడలనొరసి పుండ్లు పుట్టించెను. మధుమేహమున్న దేహమునకు ఒరుపుపుండుకూడ శత్రువే యని చెప్పి ఒంటికంటుకొని లోపల మెత్తగా దళసరిబట్ట గల లాగునే ధరింపుమని ఆ వైద్యురాలే యాజ్ఞాపించెను. ఆతడట్లే తెప్పించుకొనెను. పుండ్లు మానెను. చక్కెర తగ్గెను. వ్రేలు నిలిచెను. ఇన్ని మేలులు చేసిన బట్టకు జనులు చేసిన మర్యాద యెట్టిదో వినుడు.

మొదటిదినము ప్రధానవీథిలోని కాఫీహోటలు బల్లపై కూర్చున్న పెద్దమనుష్యులు ఆతనిని చూచి గ్లాసులు దింపివైచిరి. వారిలో పూర్ణయ్యగారు ముఖ్యుడు. ఉద్యోగమునుండి విశ్రాంతి పొందినవాడు. ప్రతిదినమును గ్రంథాలయము తలుపు తీయకముందే వచ్చి వార్తాపత్రిక మొదటిపుటను మఱి యెవ్వరికిని దక్కనీయనివాడు.

“లైబ్రరీ మూసేసి సర్కసులో చేరారేంటి మాస్టారూ” అని ఆయన యడిగెను.

“పూర్తిగా తొడుక్కోవడం మర్చిపోయి వచ్చారేమో అడగండి” అని ప్రక్కవాడందించెను.

బల్లయంతయు నవ్వెను. విశ్వపతి తల వంచుకొని వేగముగా తొక్కి తప్పించుకొనెను గాని ఆ నవ్వు ఆతనిని విడువలేదు. అది మఱునాడు మంగలిదుకాణమునకును ఆ మఱునాడు కూరగాయల సంతకును వ్యాపించెను. గ్రంథాలయసంఘాధ్యక్షుడు “చదువుకోడానికి ఆడపిల్లలొచ్చే చోటు. మన హోదా మనం చూసుకోవాలి” అని మెల్లగా మందలించెను. లోపల కాయము నిలుచుటకై పడుపాట్లు చూచువాడొక్కడు లేడు పైని బట్ట బిగువు కొలుచువారు ఊరంతయు. లోకమునకు ఎప్పుడును అంతియే తీరిక.

ఇవన్నియు సహింపవచ్చును. సహింపరానిది ఇంటిలో జరిగెను. ఆతని భార్య రాజ్యలక్ష్మి ఉదయమున ఆతడు సైకిలు దింపుచుండగా వంటయింటిలోనే యుండి ఆతడు వీథిలోనికి పోగానే వచ్చి తలుపుగడియ వేయుట మొదలుపెట్టెను.

“మిమ్మల్నేమీ అనలేక ఎదురింటివాళ్ళు నన్ను చూస్తున్నారండీ. వాళ్ళు నవ్వడం లేదు. జాలిపడుతున్నారు. అదే నేను ఓర్చుకోలేకపోతున్నాను” అని ఆమె యొకనాడు కన్నీరు పెట్టుకొనెను.

ఆ దినము మొదలు లుంగీయు శాలువయు అవతరించెను. చీకటితో బయలుదేరుట లాకులకడ విప్పుట తిరిగి వచ్చునప్పుడు కట్టుకొనుట. ఐనను లుంగీ యొక యుదయమున తన సహజగుణమును చూపి గొలుసులో చిక్కుకొని ఆతనిని గట్టుపై పడవైచెను. మానిన వ్రేలి పుండు మరల చెమర్చెను. అంతట విశ్వపతి విసిగి వేసారి ఇంకొక్కనాటితో సైకిలు సరి యని నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయమునకు వెల తన వ్రేలేయని ఆతడెఱుగును. ఎఱిగియు నిశ్చయించుకొనుటలోనే ఆతని దుఃఖమెంతటిదో మనము గ్రహింపవచ్చును.

మన కథ మొదట కనబడిన ప్రభాతమే ఆ కడపటిదినము. కడపటిదే కదా యని ఆతడు ఎన్నడును దాటని వంతెన దాటి ఈదులగుంట యను పల్లెలోనికి పోయెను. ఊరి మొగదలనే కళ్ళము. యువకులందఱు రహదారికడ లారీకి బస్తాలెత్తుచుండిరి గావున కళ్ళమునందు వృద్ధులును స్త్రీలును మాత్రముండిరి. మంచులోనుండి ఆకుపచ్చని యాకారమొకటి చప్పుడులేక జాఱివచ్చి తమ నడుమ నిలుచుటతో వారు చేటలు దింపి చూచిరి. విశ్వపతి అలవాటుచొప్పున నవ్వునకై యెదురుచూచి తల వంచుకొనెను.

“వేషం వచ్చిందర్రా” అని నాంచారమ్మ యను ముదుసలి కేకవేసెను. “భీమలింగం మానేశాక ఇన్నాళ్ళకి మన ఊళ్ళో వేషం దిగింది.”

పగటివేషముల మర్యాద తెలియనివారికై యిచట నొకమాట. కోతల కాలమున వేషగాండ్రు పట్టపగలే దేవతలుగాను జంతువులుగాను తయారై యింటింటికి వచ్చి వినోదము చేయుదురు. గృహస్థులు ధాన్యమిత్తురు. వీథిలోనికి వచ్చిన వేషమును వట్టిచేతులతో పంపరాదు. ఏ కుటుంబమునకు ఏ యూళ్ళలో ఆడు హక్కు కలదో తరతరములుగా నిర్ణయమైయుండును. దానిని మిరాసీ యందురు. కట్టకడపటిదినమున వేషగాడు వేషము లేక తన ముఖముతోనే వచ్చి పేరును ఊరును చెప్పుకొని సెలవు తీసికొనవలెను.

నాంచారమ్మ ఆతని చుట్టును తిరిగి పరిశీలించెను. “ఏం వేషం బాబూ ఇది” అనియడిగి జవాబునకై నిలువక తానే తేల్చుకొనెను. “ఆ కళ్ళు చూడండే. ఆ పచ్చదనం చూడండే. మిడత వేషం. ఒంటికి ఎంత బాగా అమిరిందో. కుట్టినవాడి చెయ్యి మంచిది. పొట్టకూడా పెట్టాడు చూడు, గుడ్లతో ఉన్న మిడత.”

అందఱును నవ్విరి. కాని ఆ నవ్వు కోటలంక నవ్వు కాదు. దానిలో ఆహ్వానముండెను. విశ్వపతి నిజము చెప్పుటకు నోరు తెఱచెను. ఆ వేళకే ఆమె చేటెడు బియ్యము తెచ్చి ఆతని వీపుసంచిలో పోసి “రేపు కూడా రా నాయనా” అనెను. ఆ నల్లద్దముల వెనుక ఆతని కన్నులు చెమర్చెను. ఆ దుస్తులు ధరించిన నాటినుండి రమ్మని పలికిన కంఠమిది యొక్కటియే. ఆతడు తల యూపి వెడలిపోయెను.

కడపటిదినము కడపటిది కాలేదు. మఱునాడును పోయెను. ఆ మఱునాడును పోయెను. నాంచారమ్మ కోరికపై ఒకసారి కళ్ళముచుట్టు ప్రదక్షిణమును ఒకసారి చేతులు విడిచి తొక్కుటయు చేసి చూపెను. పుండు మరల ఎండెను. బియ్యమును మాత్రము ఇంటికి తీసికొనిపోవుటకు మొగము చెల్లక గ్రంథాలయపు సామానుగదిలో గోనెసంచియందు దాచుచువచ్చెను. పాత పత్రికలనడుమ ఆ సంచి నానాటికి బలియుచుండెను.

ఒకనాడు తిరిగివచ్చుచుండగా వంతెనగోడపై కూర్చున్న పొడుగాటి వృద్ధుడొకడు చేయెత్తి ఆపెను. నెరసిన జుట్టు ముడివేసికొని సూదిగా చూచుచుండెను.

“ఏ మేళం తమరిది” అని అడిగెను.

విశ్వపతికి అర్థము కాలేదు.

“నన్ను భీమలింగం అంటారు. ఈదులగుంట మా తాతల నాటి మిరాసీ. వేషం కట్టి చాలా ఏళ్ళయింది, నిజమే. పిలిచేవాళ్ళు తగ్గారని మానేశాను. మానేసినంత మాత్రాన ఊరు ఇంకొకరిది కాదుగా. అడక్కుండా దిగడం ఏం మర్యాద?”

విశ్వపతి సైకిలు దిగి అద్దములు తీసి చేతులు జోడించెను. “నేను వేషగాణ్ణి కానండీ. కోటలంక లైబ్రరీలో పనిచేస్తాను. ఇవి సైకిలు తొక్కడానికి వేసుకునే బట్టలు.”

“మరి గింజలెందుకు పట్టారు?”

విశ్వపతి తన జీవితమున నొరుల సొత్తు తాకలేదు. ఇప్పుడొక కళాకారుని వంశపుహక్కు తన గోనెసంచిలో నున్నది.

“మా ఊళ్ళో ఈ బట్టలు చూసి నవ్వారండీ. ఇక్కడ బాగుందన్నారు. అందుకని వద్దనలేకపోయాను.”

భీమలింగము ఆతనిని ఆపాదమస్తకము చూచెను. చూపులోని సూదిమొన వంగెను. “అది మా వేషగాళ్ళు చెప్పాల్సిన మాట” అని గొణిగి మరల ననెను. “సరే. తెలియక చేశారు. కానీ పద్ధతి పద్ధతే. రేపు ఆఖరిరోజు చెయ్యండి. మామూలు బట్టల్లో వచ్చి ముఖం చూపించి పేరు చెప్పి సెలవు తీసుకోండి. అప్పుడు మీకూ నాకూ తగువు లేదు.”

విశ్వపతి ఇంటికి వచ్చి భార్యకు సర్వమును చెప్పెను. బియ్యపు సంగతి చెప్పెను. వ్రేలి సంగతి చెప్పెను. కడపటికి సైకిలు మానదలచిన సంగతియు చెప్పెను. రాజ్యలక్ష్మి బియ్యమేరుచున్న చేయి ఆపి “వేలు పోయినా పర్లేదనుకున్నారా” అని మాత్రమడిగెను. ఆమె మరల చేటవైపు తిరిగెను గాని గింజలు కనబడని కన్నులతో ఏమి యేరెనో తెలియదు.

మఱునాడు విశ్వపతి తెల్లనిపంచెయు ఉత్తరీయమును ధరించి గోనెసంచిని సైకిలుపై వేసి నడిపించుకొని కళ్ళమునకు పోయెను. భీమలింగము ముందుగనే వచ్చి కుప్పకానుకొని నిలిచియుండెను. ఊరు గుమిగూడెను. ఇంతకాలము వారు ప్రేమించినది ఒక్క మిడతను గాని తన్ను గాదని విశ్వపతికి తెలియును. మిడత లేదని తెలిసిన క్షణమున ఈ ముఖములును కాఫీహోటలు బల్లవలెనే మాఱినచో ఇక తొక్కుటకు గట్టులేదు పోవుటకు ఊరులేదు. ఆతడు పేరును ఊరును చెప్పెను. తనది వేషము కాదనెను. ఉన్నవిధము దాచక రోగమును పుండును లాగు సంగతియు చెప్పి “మీరు పొరపాటుపడ్డారని తెలిసీ ఊరుకున్నాను. మీ బియ్యం మీకు తెచ్చాను. క్షమించండి” అని ముగించెను.

నాంచారమ్మ దగ్గఱకు వచ్చి ఆతని ముఖమును తేఱిపాఱజూచెను. పిమ్మట క్రిందికి వంగి పాదమును చూచెను.

“ఈ వేలేనా?”

“అవునమ్మా.”

“దీనికా ఆ ఊళ్ళో నవ్వింది” అని ఆమె కొంగుతో ముక్కు తుడుచుకొనెను. “నాట్లకి దిగితే చీర మోకాళ్ళపైకి ఎగ్గట్టుకుంటాం మేము. మగాళ్ళు గోచీ పెడతారు. బురదలో పనికి బురదకి తగ్గ కట్టు. ఎవడు నవ్వాడు మమ్మల్ని? నువ్వు రేపట్నించి రాకపోతే మాత్రం నేనూరుకోను. పొద్దున్నే నువ్వు కనపడకపోతే తోచడం లేదయ్యా నాకు. వేషమో కాదో నాకెందుకు?”

విశ్వపతి ఆ ముదుసలి పాదములంటబోగా ఆమె వెనుకకు గంతువేసి “చాల్లే” యని కసరెను. ఇచ్చిన బియ్యమును మరల నింటికి తీసికొనుట తమ వంశమున లేదని ఖండితముగా చెప్పి భీమలింగమువైపు తిరిగి “నువ్వు పట్టు ఈ గింజలు. ఊరికే కాదు. పైవారం అర్ధనారీశ్వరుడు కట్టాలి. ఈయన్ని చూశాకే నువ్వు గుర్తొచ్చావు మాకు” అనెను. భీమలింగము సంచి యెత్తి భుజమున వేసికొనెను. ఆ భుజము బరువుతో వంగవలసినది గాని మఱింత నిటారయ్యెను.

వంతెనవఱకు ఇరువురును కలసి నడచిరి. అచట భీమలింగము నిలిచి ఇట్లనెను.

“తమరికో మాట చెప్పాలి. తమరు నవ్వేవాళ్ళని తప్పించుకుని పోతున్నారు. మేం ఊళ్ళో దిగితే ముందు నవ్వేవాడెవడా అని వెతుక్కుంటాం. తిన్నగా వాడి దగ్గరికే వెళ్ళి పేరుపెట్టి పిలిచి దణ్ణం పెడతాం. పేరుపెట్టి పిలిచాక మనిషి వేరేగా ఉంటాడు. చేసి చూడండి.”

మఱునాడు విశ్వపతి చీకటితో బయలుదేరలేదు. ఎండ వచ్చిన పిమ్మట పచ్చనిచొక్కాయు నల్లలాగును ధరించి లుంగీని ఇంటనే విడిచి ప్రధానవీథిలోనికి వచ్చెను. హోటలు బల్లపై గ్లాసులు యథాప్రకారము క్రిందికి దిగెను. ఆతడు వేగము పెంచుటకు మాఱుగా తిన్నగా బల్లయెదుటకే పోయి కాలు నేలకానించి చేతులు జోడించెను.

“పూర్ణయ్యగారూ, నమస్కారం. మీరడిగిన ఆయుర్వేదం పుస్తకం వచ్చిందండీ. మీకోసం పక్కన పెట్టాను.”

పూర్ణయ్యగారు పెదవులపై సిద్ధముగా నున్న హాస్యమును మింగి అలవాటుపడిన మర్యాదచొప్పున లేచి నమస్కరింపబోయి చేతిలో గ్లాసున్న సంగతి మఱచెను. కాఫీ తన తెల్లపంచెపైననే యొలికెను. బల్లవారు నవ్విరి. విశ్వపతి నవ్వలేదు. తన నీళ్ళసీసా తీసి యందించెను. పూర్ణయ్యగారు మరక కడుగుకొనుచు ఆ బిగువు లాగును ఆ కాలి వ్రేలికి చుట్టిన కట్టును చూచి సీసా తిరిగియిచ్చెను.

“వంతెన దగ్గర గొయ్యి తవ్వారు మాస్టారూ. చూసుకుని వెళ్ళండి” అనెను.

గొప్పమాట కాదు. ఐనను ఆ మాటను విశ్వపతి కాలువగట్టు పొడుగునను తనలో తాను మరల మరల చెప్పుకొనుచు తొక్కెను. గోతికడ దిగి జాగ్రత్తగా దాటి వెనుకకు తిరిగి ఊరివైపు ఒకసారి నమస్కరించెను. చూచువారెవరును లేరు.

తిరిగి యింటికి వచ్చుసరికి తలుపు బార్లా తెఱచియుండెను. గడపలో రాజ్యలక్ష్మి నిలిచియుండెను. ఎదురింటివారు అరుగుపై నుండిరి. ఆమె చేతిలో చేట. చేటలో బియ్యము.

“ఇదేమిటి” అని ఆతడు విస్తుపోయెను.

“వీధిలోకి వేషం వస్తే ఒట్టి చేతులతో పంపకూడదటగా. మొదట ఇవ్వాల్సిన ఇల్లు ఇది. ఆలస్యమైంది” అని ఆమె యనెను. ఎదురింటివారికి వినబడునట్లే యనెను.

సంచి తేలేదు. ఆతడు శిరస్త్రాణమును విప్పి వెల్లకిల పట్టెను. పెండ్లియైన నాటినుండి ఇదిగో యనియు వినబడిందా యనియు తప్ప మఱియొక విధముగా భార్యను పిలువనివాడు ఆ వేషగాని మాట తలచుకొని నోరార “రాజ్యలక్ష్మీ” యని పిలిచి తల వంచెను. ఆమె చేట వంచెను. శిరస్త్రాణపు రంధ్రములగుండ గింజలు జలజల జాఱి గడపపై రాలెను. ఆమె వానిని ఏరలేదు. ఆతనిని లోనికి తీసికొనిపోయి కాలు కడుగుకొనుటకు నీళ్ళిచ్చెను. గడియ వేయని ఆ తలుపుకడకు పిచ్చుకలు వచ్చి రాలిన గింజలన్నియు తినిపోయెను.